చమురు ఓడ మునిరత్నం సార్

పొద్దున ఆఫీసులో కూర్చుని కాఫీ గ్లాసు నోటి దాకా తెచ్చుకున్నానో లేదో, వెనక ఆవరణలోంచి లారీ హారన్ వినపడింది. దారి ఇవ్వమని అడిగే హారన్ కాదు. పొట్టిపొట్టిగా, వరసగా, ఊపిరి తిరగనట్టు. గ్లాసు ఎప్పుడు కింద పెట్టానో, లేచి గోడ మీది బోరు మోటారు స్విచ్చు ఎప్పుడు ఆపానో నాకే తెలియదు. మోటారు మూలిగి ఆగిపోయింది. ఆవరణలోకి పరిగెత్తితే తడిసిన కాన్వాసు పైపు వాసన, వేడెక్కిన డీజిల్ వాసన కలిసి ముక్కుకు తగిలాయి. నీళ్లు పట్టుకుంటున్న ట్యాంకరు క్యాబిన్‌లో కొత్త డ్రైవరు స్టీరింగు గట్టిగా పట్టుకుని, నేనేం తిడతానో అని బిక్కచచ్చిపోయి చూస్తున్నాడు. అతని సంగతి తర్వాత చెబుతాను. ముందు మునిరత్నం సార్ సంగతి చెప్పాలి. ఆ హారన్ ఆయనది. అది వినగానే నన్ను అడగకుండా కదిలే ఈ చేయి కూడా ఆయన నేర్పినదే.

మునిరత్నం సార్‌ది ఐరాల దగ్గర పల్లె. చెరుకు తోటల్లో పుట్టి పెరిగిన మనిషి, నేవీలో చేరేదాకా సముద్రం చూడలేదు. చేరాక ఉద్యోగంలో ఎక్కువ కాలం ఒకే ఓడ మీద గడిపారు. రిటైరై తిరుపతికి వచ్చి మూడు నీళ్ల ట్యాంకర్లు పెట్టుకున్నారు. పొట్టి మనిషి, తెల్లగా నెరిసిన కురచ జుట్టు, ఎంత ఎండలోనూ మడత నలగని చొక్కా. నేవీ అనగానే మా వీధిలో వాళ్లకు ఫిరంగులే గుర్తొచ్చేవి. మా ఆయన కూడా మొదటిసారి కలిసినప్పుడు ఊరుకోలేక, "ఎన్ని ఫిరంగులు పేల్చినారు సార్?" అని అడిగేశాడు. సార్ నవ్వలేదు. "ఒక్కటీ పేల్చలేదప్పా. నేను పోసేవాణ్ణి," అన్నారు. ఆయన పనిచేసింది చమురు ఓడ మీద. సముద్రం మధ్యలో యుద్ధనౌకలకు డీజిలు, మంచినీళ్లు, బియ్యం, ఉల్లిగడ్డలు అందించే ఓడ. పేపర్లలో ఫోటోలు పడేది ఫిరంగులున్న ఓడలవే. వాటి వెనకే కడుపు నిండా చమురుతో నిదానంగా నడిచే ఈ ఓడ లేకపోతే ఆ ఫోటోల్లోని ఓడలు రేవు దాటి ఎంతో దూరం పోలేవట. పెళ్లికొడుకును చూసేవాళ్లే గాని వంటశాల వైపు తొంగి చూసేదెవరు అనేవారు సరోజమ్మ గారు, సార్ భార్య. ఆ మాటకు మాత్రం సార్ నవ్వేవారు.

నేను సత్యవేడు పిల్లని. పెళ్లికి ముందు నుంచీ శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగు పని చేశాను. అక్కడ లైను మీద నాకు బాగా వచ్చిన విద్య ఒక్కటే, గమ్మునుండడం. పెట్టె మూత సరిగ్గా పడకపోయినా, పక్కమ్మాయికి కళ్లు తిరుగుతున్నట్టున్నా, లైను ఆపడమంటే మహాపరాధం కాబట్టి నోరు విప్పేవాళ్లం కాదు. పెళ్లయి తిరుపతికి వచ్చాక కూడా బస్సులో పోయి వచ్చేదాన్ని. రెండో బిడ్డ పుట్టాక ఆ ప్రయాణాలు నా వల్ల కాక తిరుపతిలోనే ఇంటికి దగ్గరగా పని వెతుక్కున్నాను. ట్యాంకర్ల ఆఫీసులో ఫోన్లు తీసే మనిషి కావాలన్నారు. చదువూ అనుభవమూ అడుగుతారని సర్టిఫికెట్లు పట్టుకుపోతే సార్ వాటి వైపు చూడనే లేదు.

"నీకు గట్టిగా అరవడం వచ్చునా?" అన్నారు.

"రాదు సార్," అన్నాను. నిజంగానే రాదు. ఆ మాట కూడా ఆయనకు సరిగ్గా వినపడలేదు, రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

"నేర్చుకోవాల. ఫోను ఎవురైనా ఎత్తుతారు."

ఇదేం ఉద్యోగమో అనుకుంటూ చేరాను. వారం తిరగకముందే అర్థమైంది, ఆయన నడుపుతున్నది ట్యాంకర్ల వ్యాపారం కాదు, ఓడ. కొండ కింద పైపులైను లేని ఒక కాలనీకి రోజు మార్చి రోజు నీళ్లు పోసేవాళ్లం. వేరే వాళ్ల ట్యాంకరు వస్తే అక్కడ బిందెలతో యుద్ధమే. సార్ ట్యాంకరు ఆగిందంటే ముందు ఒక తాడు వచ్చేది. తాడుకు వరసగా ఎరుపు, పసుపు, పచ్చ గుడ్డ పీలికలు కట్టి ఉండేవి, ఒక్కో వీధికి ఒక్కో రంగు. ఎవరి రంగు దగ్గర వాళ్లు నిలబడాలి. ఆ తాడు కూడా ఓడ అలవాటేనని తర్వాత తెలిసింది. సముద్రంలో రెండు ఓడలు పక్కపక్కనే నడుస్తూనే చమురు మార్చుకుంటాయట. ఆగితే అలలకు కొట్టుకుపోతాయి కాబట్టి ఆగడం ఉండదు. ముందు సన్నటి దారం విసురుతారు, దాని కొసకు తాడు, తాడు కొసకు ఇనుప తీగ, ఆ తీగ మీద జారుతూ చివరికి పైపు పోతుంది. మధ్య దూరం ఎంతుందో తెలియడానికి రంగు జెండాలు కుట్టిన తాడు ఒకటి ఆ ఓడకూ ఈ ఓడకూ నడుమ లాగి పట్టుకుంటారు. సార్ ఇదంతా చెబుతూ బల్ల మీద రెండు అగ్గిపెట్టెలు పక్కపక్కన జరిపేవారు.

"తీసుకునే ఓడే సర్దుకోవాల, దగ్గరికి దూరానికి. ఇచ్చే ఓడ మాత్రం దోవ మార్చకూడదు, వేగం మార్చకూడదు. ఇచ్చేది అటూ ఇటూ తిరిగితే తీసుకునేది వచ్చి గుద్దుకుంటాది," అనేవారు. కాలనీకి ఫలానా పూట వస్తామంటే, పెళ్లి మండపం వాళ్లు ఎంత బతిమాలినా ఆ పూట మాత్రం మారేది కాదు.

ఆ ఓడను ఆయన పేరుతో పిలిచేవారు కాదు, 'ఆయమ్మ' అనేవారు. మొదట్లో ఎవరో బంధువులావిడ అనుకున్నాను. కొత్తగా నీళ్లలోకి వచ్చినప్పుడు ఆయమ్మ మీద ఎక్కిన మొదటి బ్యాచ్‌లో సార్ ఉన్నారు. రంగు వాసనకు మూడు పూటలా అన్నం సయించలేదట. కుడి పక్క ఒకటి, ఎడమ పక్క ఒకటి, వెనక పొడుగాటి పైపు పట్టుకుని మరొకటి, ముగ్గురు బిడ్డలకు ఒకేసారి పెట్టే తల్లిలా పోసిన రోజుల గురించి చెప్పేవారు. తుఫాను కొట్టిన ఒక దీవికి చమురు కాకుండా మంచినీళ్లు తీసుకుపోయినప్పుడు, ఒడ్డున ఆడవాళ్లు బిందెలతో నిలబడి ఉండడం డెక్కు మీది నుంచి చూశారట. ట్యాంకర్లు పెట్టాలన్న ఆలోచన అప్పుడే పుట్టిందని సరోజమ్మ గారు అంటారు గాని, సార్ ఒప్పుకోలేదు. తర్వాత ఆయమ్మకూ వయసు మీద పడింది. పైపులు తుప్పు పట్టాయి, అతుకులు వేశారు, పంపులు మార్చారు. సార్ రిటైరయ్యాక కూడా ఆయమ్మ తిరుగుతూనే ఉంది. పాత స్నేహితులు ఫోన్ చేస్తే సార్ వాళ్ల ఆరోగ్యం కన్నా ముందు ఆయమ్మ ఆరోగ్యమే అడిగేవారు.

అరవడం సంగతికి వస్తాను. చేరిన కొత్తలో, ఆయన డ్రైవరు సెల్వాన్ని ట్యాంకరు ఎక్కించి హారన్ కొట్టించి, అది వినగానే మోటారు ఆపమన్నారు. మళ్లీ మళ్లీ చేయించారు. నాకు చిర్రెత్తి, "ఇదేం ఆట సార్?" అన్నాను. అప్పుడు చెప్పారు. పైపు కలిపి ఉండగా రెండు ఓడల్లో ఎవరికి ఏ ప్రమాదం కనపడినా 'బ్రేకవే' అని, అంటే విడిపొమ్మని, అరవాలి. కెప్టెనే అక్కర్లేదు, నిన్న చేరినవాడైనా సరే, వంటవాడైనా సరే. ఆ కేక వినగానే హారన్ పొట్టిపొట్టిగా మోగుతుంది, పంపు ఆగుతుంది, పైపు విడిపోతుంది. విడిపోకపోతే తాళ్లు నరకడానికి ఒకడు గొడ్డలి పట్టుకుని సిద్ధంగానే ఉంటాడు. ఎందుకు అరిచావని ఆ క్షణాన ఎవరూ అడగకూడదు. ముందు విడిపోవాలి, అడగడం తర్వాత.

"నేను ఒకతూరి అరిసినాను," అన్నారు. "చేరి ఏడాది కూడా కాలా. తీగ సద్దు మారినట్టు అనిపించినాది. అంతే, అరిసేసినాను. పైపు ఊడిపోయి డెక్కంతా డీజిలు, అందరం దాంట్లోనే తడిసిపోయినాము. సూస్తే తీగ బాగానే ఉండాది. ఏమీ కాలా. నా పని అయిపోయిందిరా దేవుడా అనుకున్నాను."

"తిట్టినారా సార్?"

"కెప్టెన్ వచ్చినాడు. ఏం సూసినావు అన్నాడు. సూళ్లేదు సార్, విన్నాను అన్నాను. తల ఆడించి, వీడికి టీ ఇవ్వండి అనేసి పోయినాడు. రవంత సేపయినాక మళ్లా కలపమన్నాడు. అది ఆయన ఒక్కడే చెప్పాల. అరిసేది ఎవురైనా అరవచ్చు. మళ్లా మొదలుపెట్టమనేది మాత్రం కెప్టెన్ నోట్లోంచే రావాల."

ఆ రోజు ఇంటికి పోతూ ఫ్యాక్టరీలో కళ్లు తిరిగిన అమ్మాయిని గుర్తు చేసుకున్నాను. అరవచ్చని మాకెవరైనా చెప్పి ఉంటే అనుకున్నాను. తర్వాత్తర్వాత నేను బాగానే అరవడం నేర్చుకున్నాను. ఇప్పుడు మా ఆయన ఆ సంగతి తలుచుకుని సార్ మీద నిష్ఠూరమాడుతుంటాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఒక వేసవిలో సార్‌కు కొచ్చి నుంచి పాత స్నేహితుడు జోసెఫ్ ఫోన్ చేశాడు. ఆయమ్మ పని అయిపోయింది. విశాఖపట్నం రేవులో ఒక సాయంత్రం సూర్యాస్తమయానికి జెండా ఆఖరిసారి దించుతారు, ఆ తర్వాత పాత ఇనుము కింద పోతుంది. మొదటి బ్యాచ్ వాళ్లందరినీ పిలుస్తున్నారు, నువ్వు రావాలి అన్నాడు. సార్ విన్నారు. "ఎండాకాలం జోసెఫూ, బోర్లు ఎండిపోతా ఉండాయి. ట్యాంకర్లు యాడ ఆపేది?" అని పెట్టేశారు. ఆ మధ్యాహ్నం ట్యాంకరు ఆయనే తోలుకుపోయారు.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. రోజుకు ఒక్కసారైనా ఆయమ్మ మాట ఎత్తకుండా ఉండలేని మనిషి నోట్లో ఆ మాటే లేదు. సెల్వం కావాలనే కదిలించి చూశాడు, సార్ టైర్లలో గాలి గురించి మాట్లాడారు. మూడు ట్యాంకర్లూ మేం తోలగలం, ఆ సంగతి ఆయనకూ తెలుసు. నేనే సాహసించి, "పోయి రండి సార్, మేం చూసుకుంటాం," అన్నాను.

"ఇచ్చేవాడు దోవ మార్చకూడదు," అన్నారు, తల ఎత్తకుండా.

నాకు కోపం వచ్చింది. ఆ మాట ఎంత గొప్పదో నాకు తెలుసు, కాని ఆ రోజు ఆయన దాని వెనక దాక్కున్నారు. ఇప్పుడు పోకపోతే ఆ ఓడ ఈ లోకంలో ఉండదు, ఎంత కావాలన్నా మళ్లీ చూడలేరు. సరోజమ్మ గారికి ఫోన్ చేస్తే ఆమె గొంతులో ఏడుపు. "రాత్రి బ్యాగు సర్దితే తీసి బీరువాలో పెట్టేసినాడమ్మా. నా మాట యాడ వింటాడు," అంది. బ్యాగు మళ్లీ సర్దమన్నాను. విశాఖ రైలు ఆ సాయంత్రమే, అది తప్పితే జెండా దించే వేళకు చేరడం కుదరదు. బ్యాగు తీసుకుని ఆటో ఎక్కి కాలనీకి పోయాను. దారి పొడవునా ఒకటే భయం. ఉద్యోగం పోతుందని కాదు, ఆయన అంత గౌరవంగా నా చేతికిచ్చినదాన్ని ఆయన మీదే వాడబోతున్నానని.

కాలనీలో పచ్చ రంగు వీధి వంతు నడుస్తోంది. సార్ ట్యాంకరు వెనక వాల్వు దగ్గర నిలబడి, కుప్పమ్మ అనే ముసలావిడ బిందెలో పైపు పెట్టి ఉన్నారు. వీపు నా వైపు. నేను క్యాబిన్ ఎక్కి హారన్ కొట్టాను. పొట్టిపొట్టిగా, ఆగకుండా. ఆయన చేయి వాల్వు తిప్పేసింది. పైపు బిందెలోంచి బయటికొచ్చింది. ఆడవాళ్లను వెనక్కి జరగమని చేయి చాపారు. ఇవన్నీ అయ్యాకే తల తిప్పి చూశారు. అన్నేళ్ల కింద ఆయన చేయి నేర్చుకున్నది అట్లాగే ఉంది.

"ఏమమ్మా, సగం బిందెకే ఆపేస్తివే!" అని కుప్పమ్మ అరిచింది.

సార్ క్యాబిన్ దగ్గరికి వచ్చారు. ముఖం పాలిపోయి ఉంది. "ఏం సూసినావు?"

"ఇప్పుడు అడగకూడదు సార్," అన్నాను. "ముందు విడిపోవాల. తర్వాతే అడగాల." కిందికి దిగి బ్యాగు ఆయన చేతికిచ్చాను. "ఆటో ఆడ నిలబెట్టినాను. స్టేషన్‌కు పోండి."

ఆయన బ్యాగు వైపు చూశారు, నా వైపు చూశారు. ఒక్కసారి తిట్టినా బాగుండునని అనిపించింది. ఆడవాళ్లంతా బిందెలు చంకన పెట్టుకుని చూస్తున్నారు. సంగతేంటని కుప్పమ్మ అడిగింది. సార్ పనిచేసిన ఓడకు రేపే ఆఖరి రోజు, పోనంటున్నారు అన్నాను. ఆవిడ సగం నిండిన బిందె కింద పెట్టి, "ఆఖరి సూపుకు పోకుండా ఈడ మాకు నీళ్లు పోస్తా ఉండావా అయ్యా? మాకేం దాహంతో పానం పోతా ఉండాదా? పో సామీ, ముందు పో," అని కసిరింది. సార్ తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి ముఖం తుడుచుకున్నారు. నడిచి ఆటో ఎక్కారు. మళ్లీ వాల్వు తిప్పమని ఆయన చెప్పలేదు. సెల్వం వచ్చేదాకా ఆగి, తాడు మళ్లీ లాగి పట్టుకుని, పచ్చ రంగు వీధికి నేనే నీళ్లు పోశాను.

ఆయన తిరిగి వచ్చిన రోజు ఆఫీసులో నేనొక్కదాన్నే ఉన్నాను. చొక్కా నలిగి ఉంది, అది నేనెప్పుడూ చూడనిది. ఎదురుగా కూర్చున్నారు.

"ఎట్లుండాది సార్ ఆయమ్మ?"

"ఎత్తుగా ఉండాది మ్మా." అరచేయి బల్లకు ఎత్తుగా పెట్టి చూపించారు. "కడుపులో సుక్క లేదు. చమురు లేదు, నీళ్లు లేవు. అందుకని నీళ్ల మీద అంతెత్తున నిలబడి ఉండాది. ఎప్పుడూ మునిగుండే ఎర్ర రంగంతా బయటే. రిపేరుకు గట్టెక్కించినప్పుడు సూసినాను గాని, నీళ్ల మీద ఆయమ్మను ఖాళీగా ఎప్పుడూ సూళ్లేదు. ఇచ్చేయాల్సిందంతా ఇచ్చేసినాది."

జెండా దించేటప్పుడు ఏడుస్తానని భయపడ్డారట, ఏడుపు రాలేదట. తాను నిలబడే చోట కమ్మీ పట్టుకుంటే, ఎండ వేడికి ఇనుము ఇంకా వెచ్చగానే ఉందని చెప్పారు. అప్పుడు మాత్రం కళ్లు తుడుచుకున్నారు, దాచుకోకుండా.

"పోకుంటే, ఆయమ్మ ఇంకా యాడో తిరగతా ఉండాదిలే అనుకుంటా బతకొచ్చునని. అంతే మ్మా. ఎండాకాలం గిండాకాలం ఏమీ లేదు," అన్నారు. తర్వాత నిటారుగా కూర్చుని, "ఇప్పుడు అడగచ్చు గదా. ఆ పొద్దు ఏం సూసినావు?"

"సూళ్లేదు సార్, విన్నాను," అన్నాను. "రోజూ మీరు ఆయమ్మ కత సెప్పేవాళ్లు. ఫోన్ వచ్చినాక ఆ సద్దు నిలిచిపోయినాది."

ఆయన లేచి గుమ్మంలోకి పోయి, ఎదురు హోటలు వైపు కేకేశారు. "ఈమెకు ఒక టీ ఇయ్యప్పా!" నాకు ఎన్నో జీతాలు, ఒకటి రెండు సన్మానాలు కూడా దక్కాయి. వాటిలో ఏదీ ఆ టీకి సరి కాదు.

వానలు పడగానే ఆయన ట్యాంకర్ల తాళాలు నా బల్ల మీద పెట్టారు. ఐరాలకు పోయి చెరుకు చూసుకుంటానన్నారు. ఆయమ్మ పక్కనే కొత్త చమురు ఓడ తయారుగా నిలబడి ఉండడం చూశారట, "ఇంగ నీ వంతు" అన్నారు. ఆయమ్మను అట్లా చూసి వచ్చాకే ఆయనకు పని వదలడం చేతనైందని నాకు అనిపిస్తుంది. కొన్నేళ్లు అక్కడ హాయిగా గడిపి, ఒక మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాల్చి, మళ్లీ లేవలేదు. మేం మూడు ట్యాంకర్లూ పల్లె దాకా తోలుకుపోయాం. పాడె లేచేటప్పుడు మర్యాదకు సార్ నేర్పిన హారన్ కొడతానని సెల్వం అన్నాడు. నేను వద్దన్నాను. అది బతికున్నవాళ్లను కాపాడే హారన్, దాన్ని దండ వేసినట్టు వాడితే సార్‌కు నచ్చదు. ట్యాంకర్లు గమ్మున నిలబడ్డాయి. నేను మాత్రం గమ్మున లేను, సొంత నాయన పోయినట్టే ఏడ్చాను.

ఇక ఈ పొద్దుటి డ్రైవరు. క్యాబిన్‌లోంచి దిగి తల దించుకుని నిలబడ్డాడు. "ఏం సూసినావప్పా?" అని అడిగాను.

"ఏమో అక్కా, పైపులో సద్దు వేరేగా వచ్చినట్టు అనిపించినాది. ఇప్పుడు సూస్తే ఏమీ లేదు. ఊరికే ఆపించేసినాను," అన్నాడు.

సెల్వమూ నేనూ పైపు పొడవునా చేత్తో తడిమి చూశాం. నిజంగానే ఏమీ లేదు. ఆ అబ్బాయికి వేడిగా టీ చెప్పి, లోపలికి వచ్చి చల్లారిన నా కాఫీ తాగాను. బయట అంతా కదలకుండా ఉంది. సెల్వం గుమ్మంలో నిలబడి నా వైపే చూస్తున్నాడు. నేను కూడా అలవాటు కొద్దీ సార్ కూర్చునే కుర్చీ వైపు చూశాను, మళ్లీ మొదలుపెట్టమని చెబుతారేమోనని. అది నా నోట్లోంచే రావాలని గుర్తొచ్చేసరికి కాస్త సమయం పట్టింది.

"కలపండప్పా," అని గట్టిగా అరిచి, స్విచ్చు వేశాను.